ఆమెను కూడా అడగండి

రెండు వేర్వేరు మందులను, ఒక్కొక్కటీ తగిన మోతాదులో, తగినన్ని వారాలు వాడి చూశాక కూడా మనసు తేరుకోకపోతే దాన్ని మందులకు లొంగని డిప్రెషన్ అంటారు వైద్యులు. ఆ మాట చెవిన పడగానే ఇంటివాళ్ళకు కాళ్ళ కింద నేల కదులుతుంది. ఇక దారి లేదేమో అనుకుంటారు. దారులు ఉన్నాయి. తలకు కరెంటు పెట్టే ఈసీటీ ఉంది. అయస్కాంతంతో మెదడును తట్టే టీఎంఎస్ ఉంది. ఒకప్పుడు ఆపరేషన్ థియేటర్లకే పరిమితమైన మత్తుమందు కెటమిన్ ఉంది. వీటిలో ఏది మంచిది? ఇవాళ చాలా తెలుగు కుటుంబాలు ఈ ప్రశ్న దగ్గర నిలబడి ఉన్నాయి. హైదరాబాద్, విజయవాడ, విశాఖ ఆసుపత్రుల్లోనే కాదు, అమెరికాలో స్థిరపడి, అమ్మానాన్నలకు ఫోన్లో సగం చెప్పి సగం దాచుకునే పిల్లల ఇళ్ళలో కూడా.

మందు పనిచేయకపోవడం రోగి తప్పు కాదు. అరుదైన సంగతీ కాదు. అమెరికాలో ఈ శతాబ్దపు తొలి ఏళ్ళలో నాలుగు వేల మందికి పైగా రోగులతో స్టార్‌-డి అనే పెద్ద అధ్యయనం చేశారు. మొదటి మందుతో పూర్తిగా తేరుకున్నవాళ్ళు దాదాపు మూడోవంతు. మందులు మారుస్తూ మూడో మెట్టుకూ నాలుగో మెట్టుకూ వచ్చేసరికి, ఒక్కో మెట్టులో కోలుకున్నవాళ్ళు నూటికి 13, 14 మంది. ఆ అధ్యయనం చూపిన ఫలితాలు కూడా ఉన్నదానికంటే మెరుగ్గా కనిపిస్తున్నాయని తర్వాత వాదించిన పరిశోధకులున్నారు. కాబట్టి రెండు మందులు విఫలమయ్యాక మూడోదీ నాలుగోదీ ఐదోదీ అంటూ ఏళ్ళు గడిపేయడాన్ని ఓపిక అనలేం. ఆ ఏళ్ళు ఒక మనిషి బతుకులోంచి పోతున్నాయి. పిల్లల చదువులు, ఉద్యోగం, కాపురం, అన్నీ ఆ ఏళ్ళలోనే ఆ మనిషి లేకుండా నడిచిపోతుంటాయి.

అలాగని పెద్ద చికిత్సకు పరుగెత్తడం కూడా సరి కాదు. మందులకు లొంగలేదనుకున్న జబ్బుల్లో కొన్నింటికి అసలు మందు సరిగా అందనే లేదు. కాస్త తేలికపడగానే మాత్రలు ఆపేస్తారు. అలవాటైపోతాయని ఎవరో అంటే సగం మాత్ర మింగుతారు. సంబంధాలు చూస్తున్న అమ్మాయైతే మందుల డబ్బానే బీరువాలోకి పోతుంది. థైరాయిడ్ లోపం ఉండవచ్చు. రాత్రిపూట మద్యం తాగే సంగతి డాక్టరుకు చెప్పి ఉండకపోవచ్చు. మధ్యలో ఎప్పుడో వారం పాటు నిద్ర లేకుండా ఉత్సాహంతో ఊగిపోయిన రోజులు ఉండి, అది బైపోలార్ జబ్బే అయి ఉండవచ్చు. అప్పుడు వైద్యమే వేరు. డాక్టరు ఇవన్నీ మళ్ళీ మొదటినుంచి అడిగితే విసుక్కోకూడదు. పాత చీటీలన్నీ తీసుకెళ్ళి, ఏ మందు ఎన్ని వారాలు నిజంగా మింగారో చెప్పడం ఈ దశలో ఎంత ఖరీదైన స్కానింగ్ కంటే ఎక్కువ ఉపయోగపడుతుంది. మాటలతో చేసే చికిత్సను దాటేసి వచ్చారా అన్నది కూడా చూసుకోవాలి. బ్రిటన్‌లో మందులకు స్పందించని 469 మందితో చేసి, 2013లో ప్రచురించిన కోబాల్ట్ అధ్యయనంలో, మందులకు తోడు సీబీటీ అనే మాటల చికిత్స కూడా ఇస్తే ఆరు నెలలకు నూటికి 46 మంది బాగా మెరుగయ్యారు. మామూలు వైద్యం మాత్రమే అందినవాళ్ళలో మెరుగైనది 22 మందే. మన దగ్గర సీబీటీ చేసేవాళ్ళు పెద్ద ఊళ్ళలోనే దొరుకుతారు. తెలుగులో, రోగి యాసలో మాట్లాడగలిగినవాళ్ళు ఇంకా తక్కువ. ఆ లోటును మాత్రం ఏ యంత్రమూ తీర్చదు.

ఇక ఈసీటీ. మనవాళ్ళకు ఇది షాక్ ట్రీట్‌మెంట్‌గానే తెలుసు. సినిమాల్లో చూసింది కట్టేసిన చేతులు, అరుపులు. ఇప్పుడు జరిగేది వేరు. రాత్రినుంచి ఏమీ తినకుండా పొద్దున్నే వస్తారు. మత్తు డాక్టరు నరంలోకి మత్తు ఎక్కిస్తారు. రోగి నిద్రలోకి జారుకున్నాక కండరాలను వదులు చేసే మందు ఇస్తారు. ఆ మందు ఒక పాదంలోకి మాత్రం వెళ్ళకుండా చీలమండ పైన బీపీ పట్టీ బిగిస్తారు. నాలుక నలగకుండా పళ్ళ మధ్య రబ్బరు ముక్క పెడతారు. తలకు కొన్ని సెకన్ల కరెంటు తగలగానే మెదడులో మూర్ఛ మొదలై అర నిమిషమో నిమిషమో నడుస్తుంది. ఒళ్ళంతా కదలకుండా పడి ఉంటే, మందు చేరని ఆ ఒక్క పాదం మాత్రం వణుకుతుంది. ఆ వణుకునీ ఈఈజీ గీతల్నీ చూసి మూర్ఛ సరిపడా వచ్చిందో లేదో తేల్చుకుంటారు. వారానికి రెండు మూడుసార్లు చొప్పున మొత్తం 6 నుంచి 12 సార్లు చేస్తారు. ప్రాణాపాయం లక్ష సార్లకు రెండు చొప్పున అని పెద్ద లెక్కలు చెబుతున్నాయి. చిన్నపాటి ఆపరేషన్‌కు మత్తు ఇవ్వడంలో ఉన్నంత ప్రమాదమే అది.

అన్నం నీళ్ళు మానేసి, పలకరించినా పలకని స్థితికి చేరినవాళ్ళకు, తాను పాపం చేశానని, ఒళ్ళంతా కుళ్ళిపోయిందని నమ్మేంత తీవ్రమైన డిప్రెషన్‌లో ఉన్నవాళ్ళకు, వయసు మళ్ళినవాళ్ళకు దీని అంత నమ్మకంగా పనిచేసేది ఇప్పటికీ మరొకటి లేదు. గర్భిణులకు, బాలింతలకు కూడా అవసరమైతే చేస్తారు. ప్రభుత్వ మానసిక వైద్యశాలల్లో సామాన్యుడికి అందుబాటులో ఉన్నదీ ఇదే. ఎర్రగడ్డ పేరును తిట్టుగా వాడే అలవాటు మనలో ఎంతమందిని ఈ వైద్యానికి దూరం చేసిందో తలచుకుంటే బాధ కలుగుతుంది. పాతదని, పేదలదని దీన్ని పక్కన పెట్టడం నా దృష్టిలో పెద్ద పొరపాటు.

ఈసీటీకి చెల్లించే మూల్యం జ్ఞాపకం. కొత్త విషయాలు గుర్తుపెట్టుకునే శక్తి సాధారణంగా కొద్ది వారాల్లో తిరిగి వస్తుంది. కానీ చికిత్స జరిగిన రోజులు, దానికి ముందరి నెలల్లోని కొన్ని సంఘటనలు చెరిగిపోవచ్చు. వాటిలో కొన్ని ఎప్పటికీ రావు. తలకు ఒకే పక్క, అతి చిన్న పల్స్‌లతో చేస్తే ఈ నష్టం తగ్గుతుంది, ఒక్కోసారి దానితోపాటు గుణమూ కొంత తగ్గుతుంది. 1988లో అమెరికా అధ్యక్ష పదవికి పోటీచేసిన మైకేల్ డుకాకిస్ భార్య కిటీ డుకాకిస్ ఏళ్ళ తరబడి మందులతో విసిగి 2001లో ఈసీటీకి ఒప్పుకున్నారు. తనకు జ్ఞాపకాలు పోయాయని దాచలేదు. అయినా అదే తనను నిలబెట్టిందని 2006లో పుస్తకం రాసి మరీ చెప్పారు. ఆమె చికిత్సకు నాలుగు దశాబ్దాల ముందు ఎర్నెస్ట్ హెమింగ్వేకు ఇదే చికిత్స జరిగింది. రచయితకు జ్ఞాపకమే పెట్టుబడి, దాన్నే పోగొట్టుకున్నానని ఆయన కుమిలిపోయినట్టు మిత్రుడు హాచ్‌నర్ రాశాడు. 1961 జులైలో హెమింగ్వే ప్రాణం తీసుకున్నాడు. ఆయనకున్న జబ్బులు అనేకం. ఆనాటి పద్ధతీ నేటిదీ ఒకటి కాదు. అందువల్ల ఆ చావును ఈసీటీ ఖాతాలో వేయడం న్యాయం కాదు. కానీ ఒకే నష్టం ఇద్దరు మనుషుల దగ్గర వేరువేరు బరువు తూగుతుందన్నది ఈ ఇద్దరి కథల్లోనూ కనిపిస్తుంది. ఆ బరువు ఎంతో రోగి చెప్పాలి. చికిత్సలను పోల్చే పట్టికల్లో ఆ గడి ఉండదు.

టీఎంఎస్‌కు మత్తు అక్కర్లేదు. జ్ఞాపకానికీ ముప్పు లేదు. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో ఆంథొనీ బార్కర్ బృందం 1985లో దీన్ని మొదటిసారి మనిషి మీద చేసి చూపింది. డిప్రెషన్‌కు వాడేందుకు అమెరికాలో 2008లో అనుమతి వచ్చింది. కుర్చీలో కూర్చోబెట్టి, చెవుల్లో దూది లాంటివి పెట్టి, తల మీద ఒక కాయిల్ ఆనిస్తారు. మొదట దాన్ని కాస్త అటూ ఇటూ జరుపుతూ ఒక్కో పల్స్ వదులుతారు. ఒక చోట కాయిల్ ఆగినప్పుడు రోగి ప్రమేయం లేకుండా కుడిచేతి బొటనవేలు ఎగురుతుంది. ఆ వేలు ఎంత పల్స్‌కు కదిలిందో చూసుకుని ఆ మనిషికి సరిపడే మోతాదు కడతారు. తర్వాత కాయిల్‌ను ఎడమ నుదుటి పైభాగానికి జరిపి టకటకమని కొడుతూ పోతారు. వారానికి ఐదు రోజులు, నాలుగు నుంచి ఆరు వారాలు. మొదట్లో ఒక్కో విడత అరగంట దాటేది. మూడు నిమిషాల కొత్త పద్ధతి దానికి తీసిపోదని కెనడాలో 414 మందితో చేసిన త్రీ-డి అధ్యయనం 2018లో తేల్చింది. నెత్తి నొప్పి, తలనొప్పి రావచ్చు. మూర్ఛ రావడం వెయ్యి మందిలో ఒక్కరికి కూడా ఉండదు. తలలో లోహపు క్లిప్పులు, కాక్లియర్ ఇంప్లాంట్ ఉన్నవాళ్ళకు మాత్రం పనికిరాదు.

కష్టమంతా రాకపోకల్లో ఉంది. శ్రీకాకుళం జిల్లా పల్లెలోనో, ఆదిలాబాద్ దగ్గరో ఉన్న మనిషి నెలన్నర పాటు రోజూ నగరంలో ఒక కుర్చీ దగ్గరికి చేరుకోవాలి. అద్దె గది కావాలి, తోడుగా ఒకరుండాలి, ఆ ఒకరి కూలి పోతుంది. మంచం దిగడమే పర్వతం ఎక్కినట్టుండే జబ్బుకు రోజూ ప్రయాణం చేయమనే వైద్యం ఇది. డిప్రెషన్ మధ్యస్థంగా ఉండి, తిండీ నిద్రా కొంతైనా నిలిచి, ఎదురుచూసే వ్యవధి ఉన్నవాళ్ళకు మంచిది. ప్రాణం మీదికి వచ్చినప్పుడు దీన్నే నమ్ముకుని కూర్చోకూడదు.

కెటమిన్ 1962లో తయారైంది. వియత్నాం యుద్ధంలో గాయపడ్డ సైనికులకు మత్తుగా వాడారు. చాలా తక్కువ మోతాదులో డిప్రెషన్‌ను గంటల్లో తగ్గించగలదని 2000లో యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కేవలం ఏడుగురితో చేసిన అధ్యయనంలో కనిపించింది. వారాలు పట్టే మందులకు అలవాటుపడిన వైద్యులకు అది నమ్మశక్యం కాలేదు. దాని చుట్టమే అయిన ఎస్కెటమిన్ ముక్కు స్ప్రేకు అమెరికా 2019 మార్చిలో అనుమతించింది. అక్కడ దాన్ని ఇంటికి ఇవ్వరు. ఆసుపత్రిలోనే పీల్చి రెండు గంటలు వాళ్ళ కళ్ళ ముందు ఉండాలి, మర్నాటిదాకా బండి నడపకూడదు. ఎందుకంటే ఆ కాసేపు బీపీ పెరుగుతుంది, ఒంట్లోంచి తాను విడిపోయినట్టు, లోకం దూరంగా జరిగినట్టు అనిపిస్తుంది. కొందరికి అది తేలిక, కొందరికి భయం. ఒక్క మోతాదుతో వచ్చిన గుణం చాలామందిలో వారం పదిరోజులకు జారిపోతుంది, మళ్ళీ మళ్ళీ ఇవ్వాలి. వ్యసనంగా మారే స్వభావం ఉన్న మందు, ఎక్కువగా వాడితే మూత్రాశయాన్ని దెబ్బతీస్తుంది. అందుకే ఒక్క బీపీ మిషన్, ఒక్క మంచం వేసి కెటమిన్ ఇస్తామనే చోట్ల జాగ్రత్తగా ఉండాలి. డ్రిప్ పెట్టినంతసేపూ పక్కన ఎవరు ఉంటారు, ఊపిరి తగ్గితే ఏం చేస్తారు, ఎన్ని వారాల తర్వాత ఆపుతారు అన్న మూడు ప్రశ్నలకు జవాబు రాకపోతే లేచి రావడం మేలు. (మెదడులో ఎలక్ట్రోడ్లు అమర్చే ఆపరేషన్, మెడలోని వేగస్ నాడికి పరికరం కట్టడం కూడా ఉన్నాయి. అవి చాలా కొద్దిమంది దాకా మాత్రమే వస్తాయి.)

మరి పోటీ పెడితే ఏది గెలుస్తుంది? అలాంటి పోటీలు జరిగాయి. అమిత్ ఆనంద్ నాయకత్వంలో అమెరికాలో జరిగి 2023లో వెలువడిన ఎలెక్ట్-డి అధ్యయనంలో మూడు వారాల తర్వాత కెటమిన్ పొందినవాళ్ళలో నూటికి 55 మంది, ఈసీటీ పొందినవాళ్ళలో 41 మంది మెరుగయ్యారు. అంతకు ముందు ఏడాది స్వీడన్ నుంచి వచ్చిన అధ్యయనం దీన్ని తిరగేసి చూపింది: 186 మందిలో ఈసీటీతో పూర్తిగా తేరుకున్నవాళ్ళు నూటికి 63 మంది, కెటమిన్‌తో 46 మంది. ఒకటి నిజం, మరొకటి అబద్ధం కాదు. అమెరికా అధ్యయనంలో భ్రమలు ఉన్నవాళ్ళను తీసుకోలేదు, ఎక్కువమంది ఇంటినుంచి వచ్చి వెళ్ళినవాళ్ళు. స్వీడన్‌లో అందరూ ఆసుపత్రిలో చేరేంత జబ్బు పడ్డవాళ్ళు, వాళ్ళలో భ్రమలున్నవాళ్ళూ ఉన్నారు. పత్రికల్లో ఒక్క వాక్యం శీర్షిక చదివి డాక్టరు దగ్గరికి వెళ్ళేవాళ్ళు, ఆ వాక్యం ఏ రోగుల గురించో కూడా అడగాలి.

ఇంటివాళ్ళు దాదాపు ఎప్పుడూ అడగని ప్రశ్న మరొకటుంది. గుణం వచ్చాక ఏం చేయాలి? 2001లో సాకైమ్ బృందం అమెరికాలో ఒక చేదు నిజాన్ని బయటపెట్టింది. ఈసీటీతో తేరుకున్నవాళ్ళకు ఆ తర్వాత ఉత్తుత్తి మాత్రలు మాత్రమే ఇస్తే ఆరు నెలల్లోపు నూటికి 84 మందికి జబ్బు తిరగబెట్టింది. నార్ట్రిప్టిలిన్ ఇస్తే 60 మందికి, దానికి లిథియం జోడిస్తే 39 మందికి. ఇంత కష్టపడి ఎక్కిన గట్టు మీద నిలబెట్టేది మళ్ళీ ఆ మామూలు మాత్రలే. కాబట్టి ఏ చికిత్స మొదలుపెట్టినా, అది అయిపోయిన మర్నాటినుంచి ఏం వాడాలి, ఎప్పుడు చూపించుకోవాలి, తిరగబెడితే మొదట కనిపించే గుర్తు ఏది అన్నది మొదటిరోజే రాయించుకోవాలి. ఖర్చు సంగతీ అంతే. శరీరపు జబ్బులకు ఇచ్చినట్టే మానసిక జబ్బులకూ బీమా ఇవ్వాలని మన దేశపు 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం స్పష్టంగా చెప్పింది. అయినా మన పాలసీ ఏ చికిత్సకు ఎంత ఇస్తుందో ముందే కాగితం మీద తెలుసుకోవడం మంచిది.

ఇన్ని సంగతులు విచారించుకున్నాక ఎంచుకునేది ఎవరు? డాక్టరు గది తలుపు తీసి చూస్తే సాధారణంగా కనిపించేది ఇది. భర్త మాట్లాడుతుంటాడు. తమ్ముడు ఫైల్లోంచి రిపోర్టులు తీస్తుంటాడు. అత్తగారు నిద్ర సంగతి, తిండి సంగతి చెబుతుంటుంది. రోగి నేల చూపులు చూస్తూ కూర్చుంటుంది. డాక్టరు తిరిగి అడిగితే "మీ ఇష్టమండీ" అంటుంది. అందరూ దాన్ని ఒప్పుకోలుగా తీసుకుంటారు. అది ఒప్పుకోలు కాదు. ఏం చేసినా తనకు తగ్గదని ఆమెను నమ్మించిన జబ్బు అలా మాట్లాడిస్తోంది. ఎంపికకు అవసరమైన ఆశనే ఈ జబ్బు మొదట తినేస్తుంది. గుండెజబ్బు వచ్చినవాడికి స్టెంటా, బైపాసా అని ఆలోచించే మనసు మిగిలే ఉంటుంది. ఇక్కడ ఆ ఆలోచించాల్సిన మనసుకే జబ్బు చేసింది.

అయితే అడగకుండా చేసేయడం దీనికి జవాబు కాదు. 1938లో రోమ్‌లో సెర్లెట్టి, బీని మొట్టమొదటిసారి ఈసీటీ చేసిన మనిషి రైల్వే స్టేషన్ దగ్గర తిరుగుతుంటే పోలీసులు పట్టి తెచ్చినవాడు. మొదటి షాక్ సరిపోలేదు. రెండోసారి వద్దని అతను స్పష్టంగా అన్నట్టు సెర్లెట్టే రాసుకున్నాడు. అయినా చేశారు. అతను మెరుగయ్యాడు కూడా. కానీ ఆ వినని మాట ఈ చికిత్సను నేటికీ వదల్లేదు. మన 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మత్తు, కండరాల మందు లేకుండా ఈసీటీ చేయడాన్ని నిషేధించింది. అత్యవసర చికిత్స పేరుతో కూడా దీన్ని చేయడానికి వీల్లేదంది. మైనర్లకైతే సంరక్షకుల అంగీకారంతోపాటు ఆ చట్టం కింద ఏర్పడే బోర్డు ముందస్తు అనుమతి ఉండాలంది. మానసిక జబ్బు ఉన్నంత మాత్రాన నిర్ణయం తీసుకునే శక్తి లేదని అనుకోకూడదన్నది ఆ చట్టం పునాది.

కుంగిపోయిన మనిషిని ఎలా అడగాలో ఆలోచించాలి. మూడు చికిత్సల పేర్లు ఏకరువు పెట్టి ఏదో ఒకటి చెప్పమంటే చెప్పలేదు. చిన్నచిన్న ప్రశ్నలు అడగవచ్చు. ఈ ఏడాది జరిగినవాటిలో ఏది మరిచిపోతే నీకు కష్టం? బళ్ళో పాఠం చెప్పే నీకు కొన్ని నెలలు పేర్లు గుర్తురాకపోతే తట్టుకోగలవా? రోజూ బస్సెక్కడం కష్టమా, మత్తు అంటే భయమా? ఇవాళ జవాబు రాకపోతే రెండు రోజులాగి, పొద్దుటికంటే కాస్త తేలికగా ఉండే సాయంత్రం పూట, నలుగురూ లేనప్పుడు మళ్ళీ అడగవచ్చు. తనకు నమ్మకమున్న వదినో, స్నేహితురాలో పక్కన కూర్చుంటే ఇంకా మంచిది. మొదటి మూడు విడతలయ్యాక ఆగి చూద్దామని, వద్దంటే అక్కడితో ఆపేద్దామని మాటిస్తే చాలామంది ధైర్యం చేస్తారు. ఆ మాట నిలబెట్టుకోవాలి. చచ్చిపోవాలన్న ఆలోచన ముదిరినప్పుడు మాత్రం ఈ వ్యవధి ఉండదు. ఆ మనిషిని ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి, టెలి మానస్ 14416 నంబరుకు ఏ వేళైనా ఫోన్ చేయవచ్చు.

అసలు అడగడానికి సరైన సమయం జబ్బు తగ్గి ఉన్న నెలలు. ఇంటివాళ్ళందరూ ఆ సంగతి ఎత్తకూడదని, గడిచింది గడిచిపోయిందని అనుకునే నెలలవి. 2017 చట్టం వయోజనులెవరైనా తమకు మానసిక జబ్బు వస్తే ఎలాంటి చికిత్స కావాలో, ఏది వద్దో, తమ తరఫున ఎవరు మాట్లాడాలో ముందే రాసిపెట్టుకునే హక్కునిచ్చింది. ఎప్పుడు కావాలంటే అప్పుడు మార్చుకోవచ్చు. ఏ మందు పడలేదో, ఏ చికిత్సతో ఎన్నో రోజున మొదటిసారి ఆకలేసిందో, ఏ జ్ఞాపకాలు పోయాయో, మళ్ళీ అవసరమైతే దానికే ఒప్పుకుంటానో లేదో ఆమెకే తెలుసు. ఒక సాయంత్రం కూర్చుని అదంతా ఆమె చేత రాయించి, కింద తనకు నమ్మకమైన మనిషి పేరు వేయించి, వైద్యుడిని అడిగి నియమాల ప్రకారం నమోదు చేయించాలి.